శాతముల తక్కెడలో మన పల్లె బడి

ఏటేటా మే నెలలో పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడగనే హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు పల్లెలలో ఒక తంతు జరుగుచున్నది. మనవారిలోని పెద్దలు కొందరు ఫలితముల పట్టికను చేతబట్టుకొని రచ్చబండ మీదికి వత్తురు. పట్టణమందలి ప్రైవేటు పాఠశాలకు నూటికి నూరు, ప్రక్క ఊరి ప్రభుత్వ పాఠశాలకు నూటికి తొంబది, మన ఊరి బడికి నూటికి డెబ్బదియైదు అని చదివి వినిపింతురు. ఇక ఈ బడి పనికిరాదు, పిల్లలను బస్సెక్కింపుడని తీర్పు చెప్పుదురు. జూన్ నెల వచ్చుసరికి ఆ తీర్పు అమలు జరుగును. పసుపుపచ్చని బస్సు ఊరి మొదట నిలుచును. బడిలో ఒక బెంచీ ఖాళీ యగును.

ఈ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, మన సమాజమునకు మనమే చేసికొనుచున్న కీడు. ఈ మాట చెప్పినందులకు కొందరు పెద్దలకు మాపై కోపము రావచ్చును. వచ్చినను చెప్పక తప్పదు.

మా సంఘము బడుల లోపములను కప్పిపుచ్చుటకు పుట్టినది కాదు. మాలో పలువురము పదవ తరగతితో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారమే. పెద్ద చదువులు మాకు లేవు. అయినను తూకమనగా నేమో, తక్కెడలో మోసమెక్కడ దాగునో మాకు తెలియును. పెద్దలు మోసికొని వచ్చుచున్న ఈ శాతముల తక్కెడలో మూడు దోషములున్నవి.

మొదటి దోషము లెక్కలోనిది. మన చిన్న ఊళ్ల ఉన్నత పాఠశాలలలోను, పెద్ద పాఠశాలలలోని తెలుగు విభాగములలోను పదవ తరగతి పిల్లలు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే యుందురు. ఎనిమిదిమంది యున్నారనుకొందము. వారిలో ఒక్క పిల్లవాడు తప్పినచో బడి ఉత్తీర్ణత నూటికి 87.5కు దిగును. ఇద్దరు తప్పినచో 75. పట్టణములో ఇన్నూరుమంది పరీక్ష వ్రాయు పాఠశాలలో ఒక్కడు తప్పినచో తరుగు అరశాతము మాత్రమే. అనగా ఒకే పిల్లవాని జ్వరము, ఒకే ఇంటిలోని కష్టము, అక్కడ అరశాతము, ఇక్కడ పండ్రెండున్నర శాతము! ఇది బడి గుణమును తూచుట కాదు, బడి పరిమాణమును తూచుట.

ఇంకొక లెక్క చూడుడు. 2024లో తమిళనాడు రాష్ట్రమంతటను పదవ తరగతి ఉత్తీర్ణత నూటికి 91.55. పదకొండుమంది, లేక అంతకు తక్కువమంది, పరీక్ష వ్రాసిన ఏ బడిలోనైనను ఒక్కరు తప్పినచో ఆ బడి రాష్ట్రపు సగటుకు దిగువన పడును. మన బడిలోని ఎనిమిదిమందిలో ప్రతి ఒక్కరికిని సరిగా రాష్ట్రపు సగటంత అవకాశమే యున్నదనుకొందము. అనగా బడి ఏ విధమునను సగటుకు తీసిపోనిదే. అయినను ఎనిమిదిమందియు ఒక్కమారుగా నెగ్గుటకు గల అవకాశము 91.55 వంతును ఎనిమిదిమారులు హెచ్చించి చూచినచో నూటికి 49 మాత్రమే. బొమ్మా బొరుసా యని నాణెము ఎగురవేయుటకును దీనికిని భేదమేమి? ఏమియు చెడని బడి కూడ రెండేండ్లలో ఒకయేడు చెడినదిగా కనబడును. అట్టి యేడే మన పెద్దలు పట్టికతో బయలుదేరుదురు.

ఇదే న్యాయము రెండవ వైపునను చెల్లును. ఏదో ఒక యేట ఎనిమిదిమందియు నెగ్గినంత మాత్రమున బడి గొప్పదైపోదు. ఆ యేడు శాలువలు కప్పి, మరు యేడు తలుపు మూయుమనుట వివేకము కాదు. రాష్ట్రస్థాయిలో మొదటి రాంకు, రెండవ రాంకు అని ప్రకటించు పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వమే 2017లో మానివేసినది. ప్రభుత్వము పిల్లల మధ్య మానిన పందెమును మనవారు ఊళ్ల మధ్య నడుపుచున్నారు.

రెండవ దోషము ఏరివేతలోనిది. మన జిల్లా మామిడికి పేరుపొందినది గావున ఈ మాట మనవారికి సులభముగా బోధపడును. ఒకడు తోపులోని కాయను కోసి, మచ్చపడినది, దెబ్బతగిలినది, పిందె, అన్నింటిని తీసివేసి మిగిలిన కాయను గంపకెత్తి బజారుకు తెచ్చినాడు. ఇంకొకడు చెట్టు ఇచ్చిన దంతయు కుప్ప పోసినాడు. రెండు గంపలను ప్రక్కప్రక్కన పెట్టి, మొదటివాని చెట్లు మంచివని చెప్పు వ్యాపారి యెవడైన గలడా? బడుల విషయములో మాత్రము మనవారు ఆ మాటయే చెప్పుచున్నారు.

బడిలో చేర్చుకొనునప్పుడు పిల్లవానికి గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టపు 13వ విభాగము చెప్పుచున్నది. ఆ చట్టపు కాపుదల ఎనిమిదవ తరగతి వరకే. తొమ్మిదవ తరగతిలో చదువు మందగించిన పిల్లవాని తండ్రిని పిలిపించి, వీనిని వేరొక బడిలో చేర్చుకొనుడని టి.సి. చేతబెట్టు ప్రైవేటు పాఠశాలలు కొన్ని గలవని ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. ఆ పిల్లవాడు ఎక్కడికి వచ్చును? మన ఊరి బడికే వచ్చును. అతడు తప్పినచో తరుగు వ్రాయబడునది మన బడి ఖాతాలో. నూటికి నూరు నిలుచునది వారి గోడమీది ప్రకటనలో.

ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతిలో అరువదిమంది చేరిరి. పండ్రెండుగురిని బయటికి పంపి నలువదియెనిమిదిమంది చేత పదవ తరగతి పరీక్ష వ్రాయించిరి. అందరును నెగ్గిరి. పట్టికలో నూటికి నూరు. మన బడిలో తొమ్మిదిమంది చేరిరి, తొమ్మిదిమందియు పరీక్ష వ్రాసిరి, ఒక్కరు తప్పిరి. పట్టికలో 88.9. కాని చేరినవారిలో నెగ్గినవారెందరని అడిగినచో మొదటి పాఠశాలకు వచ్చునది 80, మన బడికి 88.9. ప్రశ్న మారగనే ఫలితము తలక్రిందులైనది. పెద్దలు ఈ రెండవ ప్రశ్నను ఎన్నడైన అడిగినారా?

ఏరివేత పాఠశాలలలో మాత్రమే జరుగుట లేదు. మన ఇండ్లలోను జరుగుచున్నది. మగపిల్లవానిని బస్సెక్కించి, ఆడపిల్లను ఊరి బడిలో నుంచి, సాయంత్రము పశువుల పనియు పూలకోతయు ఆమెకే అప్పగించు ఇండ్లు మన ఊళ్లలో లేవా? ఒకనికి ఫీజు, ట్యూషను, వేళకు భోజనము. మరియొకతెకు నీళ్లబిందె. ఏడాది చివర ఇద్దరి మార్కులను పోల్చి బడిని నిందించుట ధర్మమా?

మూడవ దోషము భాషకు సంబంధించినది. దీనిని మన పెద్దలే మరచుట మాకు మిక్కిలి బాధాకరము. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున తమిళము మొదటి భాషగా నిర్బంధమైనది. ఆ చట్టము క్రింద చదివిన మొదటి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చినది. తమిళము చెప్పు ఉపాధ్యాయులను చాలినంతగా నియమింపకయే పరీక్ష పెట్టుట న్యాయము కాదని అల్పసంఖ్యాక భాషలవారు మొరపెట్టుకొనగా మద్రాసు హైకోర్టు ఆ యేటికి మినహాయింపు నిచ్చినది. 2023లో సుప్రీంకోర్టు కూడ ఆ యేటి పరీక్షకు అట్టి మినహాయింపే యిచ్చినది. ఇట్లు ఏ యేటికా యేడు కోర్టు మెట్లెక్కి సెలవు తెచ్చుకొనవలసిన పిల్లలు, ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళమును మొదటి భాషగా వ్రాసి, ఇంగ్లీషును కూడ నేర్చి, తెలుగును ఐచ్ఛిక భాషగా మోయుచున్నారు. వీరు వ్రాసిన పరీక్షను, ఇంటిభాషయే మొదటి భాషయైన పిల్లవాడు వ్రాసిన పరీక్షతో ఒకే గీటున గీచి చూచుట సరి కాదు.

తమిళము నేర్వవలదని మేమెన్నడును అనలేదు. తరతరాలుగా ఈ నేల నీరు త్రాగి, ఈ బజారులలో బ్రతుకుచున్నవారము. తమిళము రానివాడు తాలూకా కచేరీలోను నిలువలేడు, సంతలోను నిలువలేడు. మన పిల్లలు తమిళము చక్కగా నేర్వవలెను. నేర్పు గురువును పంపవలసిన బాధ్యత ప్రభుత్వమునది. గురువును పంపక ఫలితమును మాత్రము అడుగుట, విత్తనమీయక పంట కొలువుమనుట వంటిది. ప్రభుత్వమును అడుగవలసిన ఈ ప్రశ్నను మన పెద్దలు పిల్లల నెత్తిన రుద్దుచున్నారు.

ఇక ఈ తక్కెడ వలన కలుగుచున్న నష్టమును చెప్పుదుము.

విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో అరువదిమంది వరకు పిల్లలున్నచో ఇద్దరు ఉపాధ్యాయులు, అరువదియొక్కరు మొదలు తొంబదిమంది వరకు ముగ్గురు. బడిలో అరువదిముగ్గురున్నారనుకొనుడు. పెద్దల తీర్పు విని నలుగురు బస్సెక్కిరి. మిగిలినవారు ఏబదితొమ్మిదిమంది. మూడవ ఉపాధ్యాయుని కొలువునకు ఆధారము పోయినది. అయిదు తరగతులకు ఇద్దరు గురువులు. చదువు కుంటుపడును. మరు మే నెలలో పెద్దలు మరల పట్టిక తెచ్చి, మేము చెప్పలేదా యందురు. తామే గోడలోని ఇటుకను లాగి, గోడ వంగినదని చూపుట కాదా ఇది?

మాతృభాష సంగతి ఇంకను సున్నితము. ఒక పాఠశాలలో నలువదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని మాతృభాషలో చదువగోరినచో ఆ భాషా బోధకుని నియమింపవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని 1956 నాటి ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. ఈ రెండును మనకున్న ఆధారములు. కాని అధికారి మొదట అడుగునది సంఖ్యను. తరగతిలో పదిమంది యున్నచో మన అర్జీకి బలము. ఏడుగురైనచో అది కాగితము. పది నుండి ఏడుకు దింపినవారెవరు? మద్రాసు సచివాలయము కాదు. మన రచ్చబండయే.

బస్సెక్కిన పిల్లలకు అక్కడ తెలుగు లభించునా? మెట్రిక్యులేషన్ అని బోర్డు కట్టిన పాఠశాలలలో తెలుగు అక్షరమునకు చోటు గలవి ఎన్ని? పది సంవత్సరములు గడచునప్పటికి ఆ పిల్లవాడు నాయనమ్మతో తెలుగు మాట్లాడును గాని, ఆమె పేరు తెలుగున వ్రాయలేడు. మన యీ వారపత్రిక వాని చేతికి అందినచో తిప్పి చూచి బల్లమీద పెట్టును. మా పెద్దలకు ఇది చిన్న నష్టముగా తోచినచో మేము చెప్పగలిగినది లేదు.

వ్యాపారులము గావున లాభనష్టముల మాట కూడ చెప్పుదుము. ఆరవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలలో చదివి నీట్ పరీక్షలో అర్హత పొందినవారికి వైద్య విద్యలో నూటికి 7.5 వంతు సీట్లను ప్రత్యేకించుచు తమిళనాడు 2020లో చట్టము చేసినది. 2021లో ఈ సదుపాయమును ఇంజనీరింగు, వ్యవసాయము, న్యాయశాస్త్రము మొదలగు వృత్తివిద్యలకును విస్తరించిరి. ప్రభుత్వ పాఠశాలలలో చదివి పై చదువులకు పోవు ఆడపిల్లలకు నెలకు వేయి రూపాయలిచ్చు పుదుమై పెణ్ పథకము 2022లో ఆరంభమైనది. ఆరవ తరగతిలో బస్సెక్కించిన నాడే ఈ హక్కులలో మొదటిది చేజారును. అప్పుచేసి ఫీజు కట్టి, ఉన్న హక్కును వదలుకొనుట ఏ వ్యాపార శాస్త్రము?

కొందరు మమ్ము ఎదురు ప్రశ్నింతురు. బడికి వేళకు రాని ఉపాధ్యాయుడు లేడా, అయిదవ తరగతికి వచ్చియు రెండవ తరగతి పుస్తకము చదువలేని పిల్లలు లేరా, వీటిని చూచి ఊరకుండుమందురా అని. ఆ మాట న్యాయమైనది. ఊరకుండుమని మేమనుట లేదు. గట్టిగా అడుగుడనియే మా మాట. కాని అడుగవలసినవి అడుగుడు.

ఒక్క యేటి ఫలితమును గాక అయిదేండ్ల ఫలితములను కలిపి చూడుడు. ఎనిమిదిమంది చొప్పున అయిదేండ్లకు నలువదిమంది యగుదురు. అప్పుడు లెక్కకు కొంత నిలకడ వచ్చును. ఆరవ తరగతిలో చేరినవారిలో పదవ తరగతి దాటినవారెందరు, నడుమ బడి మానినవారెవరు, ఏల మానిరి అని విచారింపుడు. మూడవ తరగతి పిల్లవాని చేతికి తెలుగు వాచకము, తమిళ వాచకము ఇచ్చి ఒక్కొక్క పుట చదివింపుడు. చదివినాడా లేదా యన్నది ఏ పట్టికయు అక్కరలేకయే తెలియును. మరల ఆరు నెలలకు అదే పిల్లవానిని చదివింపుడు. అతడు తాను నిలిచిన చోటనే యున్నాడా, ముందునకు నడచినాడా చూడుడు. బడిని తూచుటకు ఇది సరియైన రాయి. ప్రక్క ఊరి పిల్లవాడు కాదు.

మంజూరైన ఉపాధ్యాయ స్థానములెన్ని, నిండినవెన్ని అని అడుగుడు. మంజూరైన స్థానములలో పదవ వంతుకు మించి ఖాళీ యుండరాదని విద్యాహక్కు చట్టపు 26వ విభాగము. ఇద్దరుండవలసిన బడిలో ఒక్కరే యున్నచో ఖాళీ నూటికి ఏబది! పిల్లల తప్పులను శాతములలో చదువు పెద్దలు ఈ శాతమును రచ్చబండపై ఎన్నడైన చదివినారా? ఈ శాతమును పట్టుకొని జిల్లా విద్యాధికారి కచేరీకి ఎన్నడైన పోయినారా?

అడుగుటకు చోటు లేదన వీలులేదు. అదే చట్టపు 21వ విభాగము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును నిర్వహణ సంఘమును ఏర్పరచినది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. సగముమంది స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయు అధికారము దానికున్నది. ఆ సమావేశములకు మనవారెందరు పోవుచున్నారు? సంతకము పుస్తకమును ఇంటికి తెప్పించుకొని వ్రేలుముద్ర వేయు సభ్యులు ఎందరు? గుడి తిరునాళ్లకు చందా లెక్క పైసతో సహా అడుగు మన ఊళ్లవారు, బడి నిధుల లెక్కను అడిగిన రోజేది?

కావున సోదరులారా, మా విన్నపము స్పష్టము. ఈ జూన్ నెలలో ఏ తెలుగు ఇంటివారును ఒక్క యేటి శాతమును చూచి పిల్లను బడి మాన్పింపరాదు. నిర్వహణ సంఘములలో మన తల్లులు సభ్యులై ప్రతి సమావేశమునకు పోవలెను. ప్రతి ఊరివారును అయిదేండ్ల లెక్కను, ఖాళీ స్థానముల లెక్కను, తెలుగు పిల్లల సంఖ్యను వ్రాసి మా సంఘమునకు పంపవలెను. ఆ లెక్కలను ఈ పత్రికలో వరుసగా ప్రకటింతుము. ఊరితో ఊరిని పందెము పెట్టుటకు కాదు. బోధకులు లేని చోట్లనన్నింటిని ఒక్క అర్జీగా కూర్చి విద్యాశాఖకును, రాజ్యాంగపు 350-బి అధికరణము క్రింద నియమితుడగు భాషా అల్పసంఖ్యాకుల కమీషనరుకును అందించుటకు.

ఇక పట్టికలు పట్టుకొని తిరుగు పెద్దలకు ఒక్క మాట. అయ్యా, మీరును ఆ బడిలోనే అక్షరములు దిద్దినవారు. ఈ పత్రికను చదువగలుగుచున్నది ఆ అక్షరముల వలననే. బడికి తీర్పు చెప్పుటకు మీకు హక్కు గలదు. అయితే ముందు లోపలికి పోయి, పిల్లల నడుమ ఒక గంట కూర్చుండి, వారిచేత ఒక పుట చదివించి, ఆ తరువాత చెప్పుడు. తక్కెడ సరిచేయకయే తూకము చెప్పువానిని మా బజారులో ఎవరును నమ్మరు. మన రచ్చబండ మీద నమ్మవలసిన పని లేదు.